భీమిలి నుంచి అరకు దాకా: పిట్టల కోసం ఎక్కడ దిగాలి?

అరకు చూడాలనుకునేవాళ్ళు విశాఖలో బయల్దేరి నేరుగా అరకులోనే దిగుతారు. పిట్టల కోసం వెళ్ళేవాళ్ళకి మాత్రం నా సలహా వేరు: సగం దారిలోనే ఆగిపోండి.

ఈ నేల తీరే అలాంటిది. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ నుంచి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకి కారులో ఒక పూట ప్రయాణం. ఆ కాసేపట్లోనే ఇసుక, తాటితోపులు, పొడి కొండలు, తేమ అడవి, కాఫీతోటలు వరసగా వచ్చేస్తాయి. పిట్టలూ వాటితో పాటే మారతాయి.

భీమిలికి చలికాలంలో, తెల్లవారుతూనే, ఆటు సమయం చూసుకుని వెళ్ళాలి. బురదలో ఉల్లంకులు, కొంగలు. పైన గరుడ పక్షులు. ఎండెక్కితే జనం, కుక్కలు, సెల్ఫీలు.

విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలుకు తగిలించే అద్దాల విస్టాడోమ్ పెట్టె సొరంగాలు, లోయలు చూడ్డానికి బావుంటుంది గానీ, పిట్టలకు పనికిరాదు. కారే మేలు. మాకు దొరికిన డ్రైవరు మంచివాడే, కాకపోతే ఆపమన్న ప్రతిచోటా "ఇక్కడేముంది సార్, వ్యూపాయింట్ ముందుంది" అనేవాడు.

ఉన్నదంతా ఈ దారి మధ్యలో వచ్చే టైడా అనే అడవి ఊరి చుట్టూనే ఉంది. విశాఖకు చెందిన పక్షి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ కనుమల్లో ఏళ్ళ తరబడి తిరిగారు. ఇక్కడి అబాట్స్ బాబ్లర్ అనే పిట్ట ఉపజాతికి 1985లో ఆయన పేరే పెట్టారు: కృష్ణరాజుయి. ఆ పిట్ట మామూలుగా తూర్పు హిమాలయాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది. మధ్యలో అంత దూరం వదిలేసి మన కనుమల్లో తేలడమే వింత. తేమ అడవి మిగిలిన చోటే అది బతుకుతుంది. మాకు గొంతు వినపడింది, పిట్ట కనపడలేదు. పొదల అడుగున తిరిగే గోధుమరంగు పిట్ట, దాక్కోవడమే దాని పని.

అనంతగిరి కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీద నీలి వెర్డిటర్ ఫ్లైక్యాచర్‌ని మాత్రం తాపీగా చూశాం. తోటలోకి వెళ్ళే ముందు అక్కడివాళ్ళని అడగండి, ఎవరూ కాదనరు.

బసల సంగతి. టైడా, అనంతగిరి, అరకు మూడింట్లోనూ పర్యాటక శాఖ గదులున్నాయి. అడవిని ఆనుకుని ఉండేది టైడా. అక్కడ రాత్రి భోజనం సాయంత్రమే చెప్పి పెట్టుకోవాలి, బయట హోటళ్ళు తక్కువ. అరకులో మేం దిగిన ఒక ప్రైవేటు టెంట్ల చోట అర్ధరాత్రి దాకా డీజే, పొద్దున వేడినీళ్ళు లేవు. బొంగులో చికెన్ బావుంది, ఒప్పుకోవాలి. కానీ దానికోసం ఒక పూట చాలు.

డిసెంబరు చివరి వారం అసలు వద్దు, ఘాట్ రోడ్డంతా కార్లే. సంక్రాంతి సెలవులయ్యాక, వారం మధ్యలో వెళ్తే గదులు తేలిగ్గా దొరుకుతాయి.