టాలిన్‌ నగరం: కొన్ని చలికాలాల వాడకం తర్వాత

ఉద్యోగం కోసమో చదువు కోసమో ఎస్టోనియా రాజధాని టాలిన్‌కు రావాలనుకునే తెలుగువాళ్లు నన్ను సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు: చలి ఎంత, ఖర్చు ఎంత. రెండింటికీ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరూ అడగనిది, నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఈ ఊరు మాటల్లో మహా పొదుపరి. నా వృత్తేమో మాటలు. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పత్రికా సంబంధాలు చూస్తాను. ప్రకటనలు రాయడం, విలేకరుల ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేయడం, ఏదైనా తేడా వచ్చినప్పుడు సంస్థ ఏం చెప్పాలో ఎప్పుడు చెప్పాలో తేల్చడం నా పని. అలాంటి మనిషి కొన్నేళ్లుగా రోజూ వాడుకుంటున్న ఊరి మీద రాసిన సమీక్ష ఇది. మూడు రోజుల యాత్రకు వచ్చేవాళ్లకు దీనితో పెద్దగా పని ఉండదు.

ఎస్టోనియా జనాభా సుమారు 13.7 లక్షలు. అందులో మూడోవంతు, అంటే నాలుగున్నర లక్షల మంది టాలిన్‌లోనే ఉంటారు. మన లెక్కలో ఒక మోస్తరు జిల్లా కేంద్రం. కానీ పార్లమెంటు, మంత్రిత్వ శాఖలు, పత్రికలు, టీవీ, పెద్ద కంపెనీలు దాదాపు అన్నీ ఇక్కడే, చాలావరకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నాయి. టూంపెయా గుట్ట మీద పార్లమెంటు, గుట్ట దిగితే పాత నగరం, దాన్ని దాటితే బాల్టి యామ్ రైల్వే స్టేషను, పట్టాలకు అవతల తెల్లిస్కివి. ఒకప్పటి కార్ఖానాల సముదాయమైన తెల్లిస్కివి నిండా ఇప్పుడు స్టూడియోలు, భోజనశాలలు, చిన్న కంపెనీలు. మా వృత్తిలో సగం మంది మధ్యాహ్న భోజనం అక్కడే చేస్తారేమో అనిపిస్తుంది. ఫలానా విలేకరి ఫోను నంబరు కోసం వెతుక్కోనక్కరలేదు, పక్క బల్ల దగ్గర ఎవరికో తెలిసే ఉంటుంది. ఆ కారణం చేతనే ఇక్కడ అబద్ధం ఆడి నెగ్గుకురావడం కష్టం. పొద్దున మీరు తప్పుదారి పట్టించిన విలేకరి సాయంత్రం సూపర్‌మార్కెట్ వరుసలో మీ వెనకే నిలబడతాడు. ఏమీ అనడు. గుర్తుపెట్టుకుంటాడు.

పనిలో మొదట మారేది విశేషణాల లెక్క. ‘విప్లవాత్మక’, ‘అపూర్వ’, ‘ప్రపంచస్థాయి’ అని ఇంగ్లీషులో నేను రాసి పంపిన ప్రకటన ఎస్టోనియన్‌లో తిరిగి వచ్చేసరికి సగానికి తగ్గి ఉంటుంది. ఏం చేశారు, ఎంత ఖర్చయింది, ఎప్పటి నుంచి అమలు. అంతే. మొదట్లో ఇది అనువాదకుల బద్ధకమనిపించేది. నిజానికి ఇక్కడి పాఠకుడు పొగడ్త కనపడగానే ఏదో దాస్తున్నారని అనుమానిస్తాడు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి మిత్రులు పంపే ప్రకటనలు చదువుతుంటే నా చేయి దానంతట అదే కత్తిరింపులు మొదలుపెడుతోంది. ఆ మేరకు ఈ ఊరు నన్ను బాగుచేసిందనే చెప్పాలి.

ఇక మూడు భాషల సంగతి. నగరంలో పదిమందికి సుమారు నలుగురి ఇళ్లలో రష్యన్ మాట్లాడతారు. సోవియట్ కాలంలో పలకలు పేర్చి కట్టిన అపార్ట్‌మెంట్ల పేట లస్నమాయెలోనే లక్షకు పైగా జనం ఉంటారు. ప్రభుత్వ ప్రసార సంస్థ ఈఆర్ఆర్‌కు రష్యన్‌లో రేడియో 4 ఉంది, 2015 నుంచి ఈటీవీ ప్లస్ అనే చానెల్ కూడా ఉంది. అదే సంస్థ ఇంగ్లీషు వార్తలే మాలాంటి పరాయివాళ్లకు ఆధారం. కాబట్టి ప్రతి ప్రకటనా మూడు భాషల్లో వెళ్లాలి, మూడింటిలోనూ ఒకేసారి వెళ్లాలి. రష్యన్ ప్రతి గంట ఆలస్యమైతే ఆ గంటలో పుకారు పుడుతుంది. 2022లో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలైనప్పటి నుంచి ఈ పని మరింత సున్నితమైంది. రష్యన్ బడులు 2024 సెప్టెంబరులో ఎస్టోనియన్ బోధనకు మారడం మొదలయ్యాక, పిల్లల చదువు గురించి చెప్పే చిన్న వాక్యాన్ని కూడా రెండుసార్లు చదివి గాని పంపను.

విలేకరులతో పని విషయంలో ఈ ఊరికి నా దగ్గర పూర్తి మార్కులు. పత్రికా స్వేచ్ఛ సూచీలో 2025లో ఎస్టోనియాది నార్వే తర్వాత రెండో స్థానం. సూచీల మీద నాకు అంత గురి లేదు కానీ దాని వెనకున్న ఏర్పాటు రోజూ చూస్తున్నదే. ఇక్కడి బహిరంగ సమాచార చట్టం ప్రకారం ప్రభుత్వ కార్యాలయం పౌరుడు అడిగిన సమాచారాన్ని ఐదు పనిదినాల్లో ఇవ్వాలి. మన సమాచార హక్కు చట్టంలో గడువు 30 రోజులు, ఆ తర్వాత అప్పీళ్ల దారి ఎలా ఉంటుందో తెలిసిందే. పైగా ఇక్కడ శాఖలు తమ ఉత్తరప్రత్యుత్తరాల జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టి ఉంచుతాయి. మంత్రిత్వ శాఖకు మా సంస్థ రాసిన ఉత్తరం ఉందన్న సంగతి మా ప్రకటన కన్నా ముందే ఒక విలేకరికి తెలిసిపోయిన సందర్భం ఉంది. ఆ రోజు చిరాకు పడ్డాను. పౌరుడిగా ఆలోచిస్తే చిరాకు పడాల్సింది ఏమీ లేదు.

మా వృత్తివాళ్లు ఇక్కడికి వస్తే తప్పక తెలుసుకోవాల్సిన కథ 2017 గుర్తింపు కార్డుల వ్యవహారం. కార్డు చిప్పులో లోపం ఉందని పరిశోధకులు చెప్పారు, దాదాపు 7.5 లక్షల కార్డులకు ముప్పు ఉందని తేలింది. దేశమంతా ఆ కార్డు మీదే నడుస్తోంది. స్థానిక ఎన్నికలు అక్టోబరులో, ఇంటర్నెట్ ఓటింగ్ కూడా ఉంది. అలాంటప్పుడు ఏ ప్రభుత్వానికైనా ముందు వచ్చే ఆలోచన ఎన్నికలు అయ్యాక చెబుదామనే. వీళ్లు సెప్టెంబరు 5నే ప్రధాని చేత విలేకరుల సమావేశంలో చెప్పించారు. దొంగతనం జరిగిన ఆధారం లేదు, జరిగే వీలు మాత్రం ఉంది, మరమ్మతుకు ఇంత సమయం పడుతుంది అని. నవంబరులో కార్డుల్లోని పాత డిజిటల్ ధ్రువపత్రాలను నిలిపివేసి కొత్తవి ఎక్కించారు. కొత్తగా మా విభాగంలో చేరేవాళ్లకు నేను మొదట చెప్పే పాఠం ఇదే.

ఆ కార్డు వాడకం గురించి చాలామంది రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను. డిజిటల్ సంతకానికి 2000 చట్టం నుంచి చేతి సంతకంతో సమానమైన విలువ ఉంది. ఒప్పందాలు, బడి దరఖాస్తు, పన్ను లెక్క అన్నీ ఇంట్లో కూర్చునే పూర్తవుతాయి. పన్ను పత్రం ముందే నింపి ఉంటుంది, చూసి సరేనంటే చాలు. నాకు బాగా నచ్చింది వేరే ఉంది: జనాభా రిజిస్టరులో నా వివరాలను ఏ శాఖ ఎప్పుడు తెరిచి చూసిందో నేను చూడగలను. నచ్చనిది, ఈ సౌకర్యమంతా వ్యవస్థ లోపలికి అడుగుపెట్టిన వాళ్లకే. బయటి నుంచి కొత్తగా వచ్చిన భారతీయుడికి బ్యాంకు ఖాతా తెరవడం ఇప్పటికీ ఓపిక పరీక్షే. ఒక బ్యాంకు నా చేత అవే కాగితాలు మళ్లీ మళ్లీ పెట్టించి, చివరికి కారణం చెప్పకుండా కాదంది. వేరే బ్యాంకు ఇచ్చింది. ఎందుకిచ్చిందో కూడా చెప్పలేదు.

బస్సులు, ట్రామ్‌లు నగర నివాసులకు 2013 జనవరి 1 నుంచి ఉచితం. 2012లో ప్రజాభిప్రాయం అడిగి మరీ మొదలుపెట్టారు. చిరునామా టాలిన్‌లో నమోదు చేసుకుని, ఆకుపచ్చ ప్రయాణ కార్డును మీ పేరుకు ముడిపెట్టుకుంటే చాలు. దయ మాత్రమే అనుకోకండి, ఇందులో లెక్క ఉంది. ఆదాయపు పన్నులో ఒక వాటా మనిషి ఎక్కడ నమోదై ఉంటే ఆ మునిసిపాలిటీకి వెళుతుంది. ఉచిత ప్రయాణం ఆశ చూపితే శివార్లలో నమోదైనవాళ్లు టాలిన్‌కు మారతారు, వాళ్లతోపాటు పన్నూ వస్తుంది. కార్లు తగ్గుతాయన్న ఆశ మాత్రం నెరవేరలేదు, దేశ ఆడిట్ కార్యాలయం 2021లో ఆ మాటే చెప్పింది. వాడుకరిగా నా అనుభవం: బస్సు సమయానికి వస్తుంది, శుభ్రంగా ఉంటుంది, లోపల ఎవరూ గట్టిగా మాట్లాడరు. విమానాశ్రయానికి 2017 నుంచి ట్రామ్ ఉంది, హెల్సింకీ ఓడలు ఆగే పాత రేవుకు 2024 చివర్లో వచ్చింది. ఆ రేవు పట్టాలు వేసినంత కాలం నగర మధ్యభాగమంతా తవ్వి పోశారు. ఏ దారి ఏ వారం మూసి ఉంటుందో చెప్పడంలో మాత్రం ఆ పని చేయించినవాళ్లు మాటల పొదుపు మరీ ఎక్కువ చూపించారు.

ఇప్పుడు చీకటి. చలి కన్నా పెద్ద సంగతి అదే. డిసెంబరులో పగలు ఆరు గంటలే. మంచు పడితే వీధి కాస్త వెలుగుతుంది. మంచు ఇంకా పడని నవంబరే అసలు పరీక్ష. చీకట్లో నడిచేవాళ్లు కాంతిని తిరగగొట్టే బిళ్ల, ఇక్కడి మాటలో హెల్కుర్, కోటుకు తగిలించుకోవాలని చట్టమే ఉంది. కంపెనీలన్నీ తమ గుర్తు వేసి వీటిని పంచుతాయి. మా విభాగం చేసే ప్రచార సామగ్రిలో నిజంగా జనం వాడేది ఇదొక్కటేనని నా అనుమానం. పాత నగరంలో ఫిబ్రవరిలో తలెత్తి నడవండి, చూరుల నుంచి మంచు ఊచలు విరిగి పడతాయి. పేవ్‌మెంటు మీద ఎర్ర పట్టీ కట్టి ఉంటే దాటి వెళ్లకండి.

జూన్‌లో అంతా తలకిందులవుతుంది. రాత్రి పదకొండుకూ ఆకాశంలో వెలుగు ఉంటుంది. జూన్ 23, 24 సెలవులు, భోగిమంటలు. ఆ తర్వాత జూలై అంతా ఊరు ఖాళీ. జనం పల్లె ఇళ్లకు పోతారు. జూలైలో ముఖ్యమైన ప్రకటన విడుదల చేయమని విదేశీ అధికారులు అడిగితే నేను ఒప్పుకోను. చదివేవాళ్లు ఉండరు.

ఆ జూలైలోనే, ఐదారేళ్లకోసారి, పాటల పండుగ వస్తుంది. 1869లో తార్తులో మొదలైన ఆచారం. ఇప్పుడు టాలిన్‌లో సముద్రం పక్కన పెద్ద కమాను కింద జరుగుతుంది. 1988లో వేల మంది ఇదే మైదానంలో పాడి సోవియట్ పాలన మీద నిరసన తెలిపారు. 2025 జూలై పండుగకు 21 వేల మందికి పైగా గాయకులు వచ్చారు, వాన కూడా వచ్చింది. ప్లాస్టిక్ కోట్లు తొడుక్కున్న ముసలివాళ్లూ పిల్లలూ గంటల తరబడి నిలబడే ఉన్నారు. ఆఫీసులో శుభోదయం చెప్పడానికి కూడా ఆలోచించే మా లెక్కల విభాగం మనిషి జానపద దుస్తుల్లో, గొంతు చించుకుని పాడుతూ కనిపించారు. సోమవారం ఆఫీసులో దాని ప్రస్తావన తెస్తే, వాన కాస్త ఎక్కువైందన్నారు. నేను చూసిన స్థానిక వేడుకల్లో డబ్బూ ఓపికా పెట్టి వెళ్లదగ్గది ఇదే. నవంబరు చలనచిత్రోత్సవం బాగుంటుంది. క్రిస్మస్ సంత అందంగానే ఉంటుంది కానీ పర్యాటకుల కోసం. 1441లోనే మా చౌకులో క్రిస్మస్ చెట్టు నిలిపామని టాలిన్, కాదు 1510లో మాదే మొదటిదని రీగా వాదించుకుంటూ ఉంటాయి. రెండు నగరాల ప్రచార విభాగాలకూ దీనివల్ల ఏటా ఖర్చు లేని వార్త దొరుకుతోంది.

మన అవసరాల సంగతి. కందిపప్పు, సోనా మసూరి, ఆవకాయ భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. తాజా కరివేపాకు ఎప్పుడొస్తుందో ఫోను చేసి కనుక్కోవాలి. 2021లో ఇక్కడ భారత రాయబార కార్యాలయం తెరిచారు, అంతకుముందు ఆ పనులకు హెల్సింకీయే దిక్కు. ఉగాదికి కుటుంబాలు కలిసి హాలు అద్దెకు తీసుకుంటాయి. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది.

మాటల కరువు బాధ నిజమే, దాన్ని చిన్నది చేసి చెప్పను. పొరుగువాళ్లు చెడ్డవాళ్లు కారు. మెట్ల మీద తల ఊపుతారు, అక్కడితో సరి. భాష నేర్చుకుంటే కొంత మారుతుంది. 14 విభక్తులు ఉన్నాయని భయపెడతారు కానీ ప్రత్యయాలు మాట చివర అతికించడం మనకు కొత్త కాదు. నేను ఎస్టోనియన్‌లో తడుముకుంటూ మాట్లాడితే ఎదుటివాళ్లు చాలాకాలం ఇంగ్లీషులోకి మారిపోయేవారు. ఇప్పుడు ఆగి వింటున్నారు. ఇంకోటి కూడా చెప్పాలి. 2025 మార్చి రాజ్యాంగ సవరణతో ఐరోపా సమాఖ్యకు బయటి దేశాల పౌరులకు స్థానిక ఎన్నికల్లో ఓటు లేకుండా పోయింది. అసలు గురి రష్యా, బెలారస్ పౌరుల మీద. ఎంతకాలం ఉన్నా, ఎంత పన్ను కట్టినా ఆ నిబంధన మనకూ వర్తిస్తుంది. ఊరిని నాదనుకోవడానికి ఇది నాకు అడ్డుపడుతోంది.

కుటుంబంతో, వేసవి అంటే ఇష్టంతో, ఒంటరితనాన్ని కాస్త తట్టుకునే స్వభావంతో వచ్చేవాళ్లకు ధైర్యంగా సిఫారసు చేస్తాను. ఒంటరిగా, రోజూ సాయంత్రం నలుగురూ చేరే స్నేహాలకు అలవాటుపడినవాళ్లు నవంబరులో వచ్చి నెల రోజులు ఉండి చూడండి, మే నెలలో చూసి నిర్ణయించుకోకండి.

ఇంటి విషయంలో, అద్దె అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. వేడి, నీళ్లు, చెత్త, భవన నిర్వహణ బిల్లు విడిగా వస్తుంది, చలికాలంలో బాగా పెరుగుతుంది. కలమయలోని పాత చెక్క ఇళ్లు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి. వాటిలో కొన్నింటిని ఇప్పటికీ కట్టెల పొయ్యితోనే వేడి చేసుకోవాలి. లస్నమాయె అపార్ట్‌మెంటు చూడ్డానికి బాగుండదు కానీ కేంద్రీయ తాపనం (సెంట్రల్ హీటింగ్) ఉంటుంది, బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. ఏది తీసుకున్నా గడిచిన జనవరి, ఫిబ్రవరి నెలల బిల్లులు పంపమని యజమానిని అడగండి. పంపడానికి సాకులు చెబితే ఆ ఇల్లు వదిలేసి ఇంకొకటి చూసుకోండి.