సగం మిట్టలో ఆపినా మళ్లీ కదిలే బగ్గీ

మా అమ్మకు ఈ మధ్య సగం మిట్టలో మా బగ్గీని, అంటే రిసార్టుల్లో తిప్పే బ్యాటరీ బండిని, ఆపించడం అలవాటైంది. అక్కడ ఒక ఇంటి గోడ మీదుగా నందివర్ధనం కొమ్మ రోడ్డు మీదికి వాలి ఉంటుంది. "ఆపు పాపా, నాలుగు పూలు కోసుకుంటా" అంటుంది. ఆపుతాను. ఆమె మళ్లీ ఎక్కి కూర్చున్నాక బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీద కాలు పెడితే, బండి జానెడు వెనక్కి జారకముందే అందుకొని మెల్లగా పైకి కదులుతుంది. మొదటిసారి అలా కదిలిన రోజు ఇంటికి వచ్చి మా ఆయనకు మూడుసార్లు చెప్పాను. ఇంత సంతోషం ఎందుకో తెలియాలంటే అంతకుముందు ఏడాదిన్నర నేను పడ్డ అవస్థ తెలియాలి.

మాది బెంగళూరులో కనకపుర రోడ్డు వైపు లేఅవుట్. గేటు, గుడి, కూరగాయల బండి అన్నీ కింద. మా ఇల్లు చిట్టచివర, పైన. మధ్యలో 180 మీటర్ల మిట్ట. ఫోన్ పెట్టి కొలిస్తే నిటారుగా ఉన్నచోట 7 డిగ్రీలు చూపించింది. అంటే 100 మీటర్లు ముందుకు పోతే 12 మీటర్లు పైకి లేస్తుందన్నమాట. అమ్మ హిందూపురం నుంచి మా దగ్గరికి వచ్చేసరికే మోకాళ్లు అరిగిపోయాయి. కారులోకి వంగి ఎక్కడం ఆమెకు నరకం. బగ్గీ అయితే పక్కలు తెరిచి ఉంటాయి, నేల కిందికి ఉంటుంది. అందుకే 2023 జనవరిలో ఒక రిసార్టు వాళ్లు అమ్ముతుంటే పాతది కొన్నాం. 48 వోల్టుల బండి, సీటు కింద 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు. లేఅవుట్ గేటు దాటించం, నంబరు ప్లేటు లేదు కాబట్టి దాటించకూడదు కూడా.

చదునులో దానికి వంక పెట్టలేం. మిట్ట దగ్గరే ప్రాణం తీసేది. ఊపు మీద సగం ఎక్కి, మిగతా సగం నడిచే మనిషికంటే నెమ్మదిగా పోయేది. ఎదురుగా కారు వచ్చిందనో, కుక్క అడ్డం వచ్చిందనో ఆగామా, ఇక కదలదు. ముగ్గురం ఉంటే మోటారు మూలుగుతుంది, కాలిన వాసన వస్తుంది. రివర్సులో కిందిదాకా దిగి, ఊపు తీసుకుని మళ్లీ రావాలి. వెనక్కి దిగుతున్నంతసేపూ అమ్మ కళ్లు మూసుకుని పిడికిలి బిగించి కూర్చునేది.

మోటారు మార్చమని అందరూ చెప్పారు. మాకు దొరికిన మెకానిక్ మదనపల్లె అబ్బాయి, అతనొక్కడే వద్దన్నాడు. "అక్కా, వేగం ఇచ్చేది వోల్టేజీ. లాగేది కరెంటు. నీ మోటారు బాగానే ఉంది, దానికి తిండి అందట్లేదు" అన్నాడు. మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టెను కంట్రోలర్ అంటారు. మా పాతది మోటారుకు 250 ఆంపియర్లకు మించి పోనివ్వదు. మాది సీరీస్ మోటారు, అంటే లోపలి రెండు తీగచుట్టల్లోనూ ఒకే కరెంటు వరసగా పోయేది. ఇందులో కరెంటు పెంచితే లాగే బలం అంతకంటే ఎక్కువ లెక్కలో పెరుగుతుంది, నెమ్మదిగా కదిలేటప్పుడు మరీను. అందుకని 400 ఆంపియర్ల కంట్రోలర్, దానికి తగ్గ పెద్ద సోలినాయిడ్ (కరెంటును కలిపి తెంచే స్విచ్చు) వేశాం. పాత యజమాని షోకుకు వేసిన 22 అంగుళాల టైర్లు తీసేసి 18 అంగుళాలవి ఎక్కించాం. చక్రం చిన్నదైతే లాగుడు దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. వేగం అంతే తగ్గుతుంది, నాకు అది కావలసిందే.

వీటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది కేబుళ్లు. కంట్రోలర్ మార్చాక బండి బాగా ఎక్కింది కానీ, ఇంటికి వచ్చి సీటు ఎత్తితే ఒక బ్యాటరీ లగ్గు, అంటే కేబుల్ చివర బిగించే లోహపు ముక్క, ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ఆ అబ్బాయి మల్టీమీటర్ తీగలు ఒకే కేబుల్ రెండు చివర్లా పెట్టి పట్టుకున్నాడు, నేను మిట్ట ఎక్కించాను. మంచి కేబుల్ అయితే ఆ రెండు చివర్ల మధ్య తేడా వోల్టులో పదో వంతు కూడా ఉండకూడదట. ఒకదానిలో 0.9 వోల్టు చూపించింది. 150 ఆంపియర్లు పోయేటప్పుడు అంటే 135 వాట్లు ఆ ఒక్క తీగలోనే వేడిగా కాలిపోతున్నాయి. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎస్.పి. రోడ్డుకు వెళ్లి 35 స్క్వేర్ ఎం.ఎం. వెల్డింగ్ కేబుల్ తెచ్చి, కొత్త లగ్గులు ప్రెస్ చేయించి, బ్యాటరీల మధ్యవి, మోటారుకు వెళ్లేవి అన్నీ మార్చాం. మొత్తం ఐదు వేల లోపే అయింది. సగం మిట్టలో ఆగి కదలడం ఆ సాయంత్రమే మొదలైంది. బండి ఎవరు కొన్నా ముందు ఈ పరీక్ష చేయించమని చెబుతాను.

ఇక లిథియం సంగతి. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ముసలివయ్యాయి, మిట్ట మీద వోల్టేజీ 42కు పడిపోతోంది. 2024 జులైలో 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ప్యాక్ వేయించాను. ఆరు బ్యాటరీల 170 కిలోల పైచిలుకు బరువు పోయి 50 కిలోలు వచ్చింది. డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదు. చార్జింగ్ తగ్గినా లాగుడు తగ్గదు. లేఅవుట్‌లో కనిపించినవాళ్లందరికీ దీన్ని పొగిడాను. రెండు నెలలు కూడా కాలేదు.

2024 వినాయక చవితి, సెప్టెంబరు 7. ఉదయమే గేటు దగ్గర మట్టి వినాయకుణ్ణి, పత్రి, చెరకుగడలు కొన్నాం. నేను, అమ్మ, మా చెల్లెలు, వాళ్లబ్బాయి. విగ్రహం అమ్మ ఒళ్లో. తుంపర పడుతోంది. పూజకు ఆలస్యమవుతుందని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. బాగా అందుకుంది. మిట్ట సగం దాటాక టక్కున అంతా ఆగిపోయింది. లైటు లేదు, శబ్దం లేదు, తొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బండి వెనక్కి కదిలింది. బ్రేకు గట్టిగా నొక్కి లాక్ వేశాను. అయినా అంగుళం అంగుళం జారుతూనే ఉంది. పిల్లవాడు దూకి పక్కనున్న రాయి తెచ్చి చక్రం వెనక పెట్టాడు. అమ్మ విగ్రహాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని ఉంది, నోట్లో మాట లేదు. నిమిషం ఆగితే కరెంటు వచ్చింది. పది మీటర్లు పోయి మళ్లీ పోయింది. ఇలా మూడుసార్లు. చివరికి అమ్మ దిగి, చెల్లెలి భుజం పట్టుకుని, ఆ వానలో 60 మీటర్లు నడిచింది. పూజ చేస్తున్నంతసేపూ నా మనసు దేవుడి మీద లేదు.

తప్పు ఎక్కడుందో మర్నాడు తెలిసింది. లిథియం ప్యాక్ లోపల బి.ఎం.ఎస్. అని కాపలా సర్క్యూట్ ఉంటుంది. మాదాంట్లో ఉన్నది ఏకధాటిగా 100 ఆంపియర్లకు మాత్రమే. దాటితే సెల్స్‌ను కాపాడటానికి మొత్తం ఆపేస్తుంది. బండి బయలుదేరేటప్పుడు మోటారులో 300, 400 ఆంపియర్లు తిరుగుతున్నా బ్యాటరీ నుంచి తీసుకునేది తక్కువే, కంట్రోలర్ వోల్టేజీ తగ్గించి ఇస్తుంది కాబట్టి. వేగం అందుకున్నాకే బ్యాటరీ మీద భారం పడుతుంది. రెండు నెలలూ నేను, అమ్మ మాత్రమే నెమ్మదిగా పోయాం కాబట్టి బయటపడలేదు. అమ్మినవాళ్లు ఎంత దూరం పోతుందో చెప్పారు గానీ, ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పలేదు. ముసలావిడ తిరిగే బండి అని వాళ్లకు ముందే చెప్పాం. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించి, బ్యాటరీ నుంచి 90 ఆంపియర్లకు మించి తీసుకోకుండా కంట్రోలర్‌లో సెట్ చేశాడు. మోటారు వైపు పరిమితి ముట్టుకోలేదు, అందుకని ఆగి కదిలే బలం అలాగే ఉంది, పైకి పోయే వేగం మాత్రం తగ్గింది. ఆర్నెల్లు అలాగే నడిపి, తర్వాత తేడా డబ్బు కట్టి 200 ఆంపియర్ల బి.ఎం.ఎస్. ఉన్న ప్యాక్ మార్పించుకున్నాం. అప్పటినుంచి ఒక్కసారీ ఆగలేదు.

లిథియం గురించి నేను ముందు చెప్పినదాంట్లో కొంత తగ్గించుకోవాలి. బరువు తగ్గడం ఎక్కడానికి మంచిదే, కానీ వెనక ఇరుసు మీద భారం తగ్గి, తడిసిన ఆకుల మీద నేనొక్కదాన్నే పోతే చక్రం గిర్రున తిరుగుతుంది. వానాకాలంలో టైర్ల అరుగుదల చూసుకోవాలి. ఎక్కడం కుదిరింది కదా అని దిగడం మరిచిపోకూడదు. మా సీరీస్ మోటారు దిగేటప్పుడు బండిని పట్టి ఉంచదు, వెనక చక్రాల డ్రమ్ బ్రేకులే దిక్కు. చవితి రోజు జారింది ఆ బ్రేకు షూలు అరిగిపోయి ఉండబట్టే. కంట్రోలర్ కొనే ముందే వాటిని మార్చి ఉండాల్సింది. ఇప్పుడు ఎనిమిది నెలలకోసారి విప్పి చూపిస్తున్నాను. పిల్లవాడు పెట్టిన రాయి స్థానంలో రబ్బరు అడ్డుకట్ట ఒకటి సీటు కింద ఎప్పుడూ ఉంటుంది.

చదును లేఅవుట్‌లో ఉన్నవాళ్లకు ఈ ఖర్చు చేయమని చెప్పను. రోజంతా జనాన్ని ఎక్కించి తిప్పే ఆరు సీట్ల బండికి నా అనుభవం సరిపోదు, అక్కడ మోటారు వేడి పెద్ద సమస్య అవుతుంది. మాది రోజుకు మూడు నాలుగు ఎక్కుళ్లు, మధ్యలో గంటల విశ్రాంతి. ఎక్కిన వెంటనే ఒకసారి మోటారు మీద చెయ్యి పెట్టి చూస్తాను, గోరువెచ్చగానే ఉంటోంది. మోటారు మార్చాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు.

నందివర్ధనం చెట్టు వాళ్లు కొమ్మ కత్తిరిస్తామన్నారట. అమ్మ వెళ్లి, ఈ కార్తీకం దాకా ఉంచమని అడిగి వచ్చింది.