టీ3 వ్యాన్‌కి ఏ పెట్రోల్ ఇంజిన్?

ఇంగ్లండ్ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేసేసరికి నేను మలక్‌పేటలో ఛాయ్ తాగుతున్నాను. వాడి పాత ఫోక్స్‌వ్యాగన్ టీ3 క్యాంపర్‌లో (లోపలే పడుకునే వీలున్న వ్యాన్) ఉన్నది 1.6 లీటర్ల డీజిల్, 50 హార్స్‌పవర్. ఎత్తు ఎక్కాలంటే ఎడ్లబండే నయం. అది తీసేసి పెట్రోల్ ఇంజిన్ పెట్టిస్తాడట, రెండిట్లో ఏది మేలని అడిగాడు.

ఒకటి, అదే కంపెనీ 2 లీటర్ల పెట్రోల్, దాదాపు 115 హార్స్‌పవర్. దీనికీ నాలుగు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి, పాత గేర్‌బాక్స్‌కే బిగుస్తుంది. డీజిల్ ఇంజిన్ సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి), మౌంట్లు (ఇంజిన్‌ని పట్టి ఉంచే బిగింపులు) వాడుకుని, డీజిల్ లాగే 50 డిగ్రీలు పక్కకి వాల్చి కూర్చోబెట్టాలి.

రెండోది సుబారు 2.2. సిలిండర్లు చెరోవైపు పడుకుని ఉంటాయి, నడక మెత్తన, బలమూ ఎక్కువే. కానీ గేర్‌బాక్స్‌కి కలపడానికి అడాప్టర్ ప్లేట్ కావాలి, సంప్ కోయించాలి, వైరింగ్ తగ్గించాలి. ఆ వైర్ల కట్ట ఫోటో చూస్తే పాతబస్తీ కరెంటు స్తంభం గుర్తొచ్చింది!

నేనైతే మొదటిదే అన్నాను. ఏది పెట్టినా ఆ గేర్‌బాక్స్ నెమ్మది డీజిల్‌కి చేసింది, హైవే మీద ఇంజిన్ అరుస్తుంది. టాప్ గేర్ కూడా మార్పించుకోరా అని చెప్పాను.