కిడ్నీ రాళ్లు కరిగిస్తామనే పొడి ప్యాకేజీలతో జాగ్రత్త

నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఎవరైనా "ఆపరేషన్ లేకుండా రాళ్లు కరిగిస్తాం, గ్యారంటీ" అనే బోర్డు చూసి డబ్బులు కట్టబోతుంటే, ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

మా నాయినకు అరవై దాటాయి. వ్యవసాయం. నడుము పక్క నుంచి గజ్జల్లోకి పాకే నొప్పి, మూత్రం సన్నగా రావడం, రాత్రి పదే పదే లేవడం. ఊళ్లో ఎవరో చెబితే బస్టాండ్ దగ్గర ఒక సెంటర్‌కు పోయాడు. వాళ్లు నాడి పట్టి చూసి, స్కానింగ్ రాయకుండానే, "రాయి ఉంది, ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి) కూడా వాచింది, రెండింటికీ ఒకటే కోర్సు" అని మూడు నెలల పొడి, సిరప్ అంటగట్టారు. 18,000 రూపాయలు. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద అంకె వేసిచ్చారు. డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఏమేం కలిపారో లేదు. పైగా "మీ నీళ్లలో ఫ్లోరైడ్, అందుకే రాళ్లు" అన్నారట. ఫ్లోరైడ్ వల్ల వచ్చే గార పళ్లు, వంగిన కాళ్లు చూస్తూ పెరిగిన మా జిల్లాలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. ఎండలో చెమటోడుస్తూ సరిగ్గా నీళ్లు తాగకపోవడం రాళ్లకు పెద్ద కారణమని మాత్రం చెప్పలేదు.

కొన్నాళ్లకు నొప్పి తగ్గింది. "చూశారా, కరిగింది" అన్నారు. అసలు మోసం ఇక్కడే ఉంది. మూత్రనాళంలో రాయి అడ్డుపడి ఉన్నా నొప్పి తగ్గిపోవచ్చు, లోపల కిడ్నీ మాత్రం పాడవుతూనే ఉంటుంది. కాళ్లు వాచి, అన్నం సయించక, హైదరాబాద్‌లో యూరాలజీ డాక్టర్‌కు చూపిస్తే రాయి నాళంలో ఇరుక్కుని కిడ్నీ ఉబ్బి ఉంది. ప్రోస్టేట్ అడ్డు వల్ల మూత్రసంచి కూడా పూర్తిగా ఖాళీ కావడం లేదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, అంకె పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు) 3.6. మూత్రానికి గొట్టం వేశారు, నాళం తెరిచి ఉంచే స్టెంట్ పెట్టారు, తర్వాత లేజర్‌తో రాయి పగలగొట్టారు. ఇప్పుడు 1.7 దగ్గర ఆగింది. కిడ్నీ మునుపటిలా పూర్తిగా కోలుకోదన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కోపం ఆగడం లేదు.

"మా వాడికి ఆ పొడితోనే రాయి పడిపోయింది" అనేవాళ్లు మీకూ దొరుకుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి, పేరు పొడికి వస్తుంది. మందుతో నిజంగా కరిగేవి ముఖ్యంగా యూరిక్ యాసిడ్ రాళ్లు. ఎక్కువమందిలో ఉండేవి కాల్షియం రాళ్లు, అవి కరగవు. కాబట్టి రాయి సైజు ఎంత, ఎక్కడుంది అని తెలియకుండా ఎవరైనా గ్యారంటీ ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అసలు కిడ్నీ రాళ్లు, ప్రోస్టేట్ జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

మగవాళ్లు సిగ్గుపడి ఇలాంటి గదుల్లోకి దొంగచాటుగా పోతున్నారు, అది మానాలి. మూత్రం ఆగి ఆగి రావడం వయసుతో చాలామందికి వచ్చేదే. అల్ట్రాసౌండ్, మూత్ర పరీక్ష, క్రియాటినిన్, డాక్టర్ అవసరమంటే పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) చేయిస్తే సంగతి తెలుస్తుంది. ప్రోస్టేట్ వాపుకు చాలామందికి రోజూ వేసుకునే మాత్రలతోనే సరిపోతుంది. ఖర్చుకు భయపడేవాళ్లు ముందు ఆరోగ్యశ్రీలో వస్తుందేమో అడగండి. నడుము పక్క నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా తెల్లారే దాకా ఆగొద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోండి.

ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బా, చీటీ పారేయకండి. ముందు డాక్టర్‌కు చూపించండి, ఏం మింగారో ఆయనకు తెలియాలి. తర్వాత అవే ఆధారాలతో డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. మేమూ చేశాం.