స్వీడిష్ సంగీత పదాలు: కార్డులా, రేడియోనా, రిహార్సలా?

స్వీడన్‌లో క్వయర్‌లోనో (బృందగానం) ఆర్కెస్ట్రాలోనో చేరాలనుకునే మనవాళ్లు తరచూ అడుగుతుంటారు: అక్కడ వాడే స్వీడిష్ సంగీత పదాలు ముందే ఫ్లాష్‌కార్డులతో బట్టీ పట్టాలా, వింటూ నేర్చుకోవాలా అని.

నేను కార్డులతోనే మొదలుపెట్టాను. ఓబో, క్లారినెట్, చెల్లో లాంటివాటికి కార్డు దండగ, ఎలాగూ తెలిసిపోతాయి. ఫియూల్ అంటే వయొలిన్, స్ట్రోకె అంటే దాని కమాను, నూటెర్ అంటే నొటేషన్ కాగితాలు. ఇలాంటివాటికి కార్డు పనికొస్తుంది. ఎన్ ఫియూల్, ఎట్ వల్ట్‌హూర్న్ (ఫ్రెంచ్ హార్న్) అని, ఇంగ్లిష్ 'a'లా ముందుండే ఎన్, ఎట్‌లతో కలిపి రాసుకుంటేనే సుమా.

తిప్పలు ఉచ్చారణతో వచ్చాయి. క్వయర్‌ను కోర్ అంటారు. 'బండి నడుపుతున్నాడు' అనడానికీ సరిగ్గా అవే అక్షరాలు, కానీ పలికేది షోర్ అని. (ఆ ఓ మన ఓ కూడా కాదు. పెదాలు సున్నాలా చుట్టి ఏ అనాలి.) కార్డు నమ్ముకున్న నేను నెలంతా 'షోర్‌లో పాడుతున్నాను' అని చెప్పుకు తిరిగాను. పాపం, ఎవరూ నవ్వలేదు.

స్టెమ్మా ఇంకో చిక్కు. శ్రుతి చేయడమూ అదే, సోప్రానోలు (పై స్థాయిలో పాడే ఆడగొంతులు) పాడే వరసా అదే. 'కరెక్టే' అనడానికి వాడే 'దె స్టెమ్మెర్' కూడా అందులోదే. కార్డు మీద మూడు అర్థాలూ వరసగా ఉంటాయి, నోటికి మాత్రం ఒక్కటీ రాదు. రిహార్సల్‌లో మొదటి పది నిమిషాల్లో మూడూ వినిపిస్తాయి. ఒకసారి కండక్టర్ మా వైపు చూసి 'స్వాగరె' అన్నారు. నిఘంటువు ప్రకారం 'ఇంకా బలహీనంగా' అని అర్థం. మా పాట బలహీనంగా ఉందంటున్నారనుకుని గొంతు పెంచాను. ఆయన అడిగింది మెల్లగా పాడమని! ఆ మాట ఇక జన్మలో మరచిపోను. అందుకే నా ఓటు రిహార్సల్‌కే.

స్వీడిష్ రేడియోవాళ్ల శాస్త్రీయ సంగీత చానెల్ పి2 కూడా మంచిదే, ఇంటర్నెట్‌లో వినొచ్చు. కానీ అక్కడ దొరికేవి కచేరీ గురించి చెప్పే మాటలు: తూన్‌సెట్టరె అంటే స్వరకర్త, సట్స్ అంటే సింఫనీలో ఒక భాగం. 'మళ్లీ మొదటినుంచి' అని రేడియోలో ఎవరూ అనరు కదా!

భాషలు నేర్పే యాప్ డ్యూలింగో సంగతంటారా, సరదాకి చేయండి.

ఇంకా ఇండియాలోనే ఉంటే ఒక ఇరవై కార్డులు చాలు, వాటికి ఆడియో కూడా జోడించుకోండి. మిగతా టైమ్ రేడియోకి. స్వీడన్‌లో దిగాక ఏదో ఒక క్వయర్ వెతుక్కోండి, భాష వచ్చేదాకా ఆగొద్దు.