కాటా మీది కెమెరా, బీజింగ్ టైము: గ్రే మార్కెట్ సరుకు వాడిన అనుభవం

మా మిల్లు కెమెరాల బొమ్మ విషయంలో నాకు ఈరోజుకీ ఫిర్యాదు లేదు. కోపమంతా రికార్డర్ గడియారం మీదే. గ్రే మార్కెట్‌లో, అంటే కంపెనీ డీలర్ల దగ్గర కాకుండా పక్కదారిన వచ్చిన సరుకు అమ్మేచోట, కెమెరాలు కొంటే వారంటీ ఉండదు, బిల్లు ఉండదు అని అందరూ చెప్తారు. టైము గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. గేటు, కాటా (బండ్లు తూచే వేబ్రిడ్జి), బాయిలర్, గోదాము అన్నిటికీ కలిపి కెమెరాలు, వాటి వీడియో దాచే రికార్డర్ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో తెచ్చాం. పేరున్న కంపెనీ సరుకే. డబ్బా మీద అన్నీ చైనా అక్షరాలు, మెనూ మాత్రం ఇంగ్లిష్‌లో వచ్చింది. దానికి సరితూగే మోడల్‌కు నల్గొండ డీలర్ చెప్పిన ధరలో మూడో వంతు మిగిలింది. వారంటీ అంటే రికార్డర్ అడుగున దుకాణం వాళ్లు అంటించిన చిన్న స్టిక్కర్, దాని మీద మార్కర్‌తో రాసిన నెల, సంవత్సరం.

ఆ డబ్బుకు వచ్చిన బొమ్మ చూసి అప్పట్లో కనిపించిన ప్రతి మిల్లు ఆయనకూ చెప్పాను. రాత్రిపూట లారీ హెడ్‌లైట్లు ఎదురుగా కొడుతున్నా నంబరు ప్లేటు చదవొచ్చు. మా దగ్గర ఊక దుమ్ము సంగతి తెలిసిందే. గుడ్డతో తుడిస్తే చాలు, ఏళ్లు గడిచినా ఒక్క కెమెరా కూడా చచ్చిపోలేదు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే అప్పుడు నేను చూసింది బొమ్మను మాత్రమే. తెర మూలన కనిపించే అంకెలతో పని పడేదాకా వాటి సంగతి తెలియలేదు.

2024 నవంబరు, కోతలు జోరు మీదున్నాయి. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ముందురోజు రాత్రి కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసి, తెల్లవారుజామున వచ్చింది. ఆ సీజన్‌లో అది మామూలే, ఎవరూ పట్టించుకోలేదు. ఆ సాయంత్రం వడ్లు దింపిపోయిన ఒక పెద్దాయన మర్నాడు పొద్దున్నే కొడుకుతో, ఇంకో నలుగురితో వచ్చాడు. ఇంటి దగ్గర బస్తాల లెక్క వేసుకుంటే మా చీటీలో రెండు క్వింటాళ్లకు పైగా తక్కువ వస్తోందని.

తూకం తెలియనివాళ్ల కోసం ఒక మాట. ముందు నిండు బండిని కాటా ఎక్కిస్తాం, వడ్లు దింపాక ఖాళీ బండిని ఎక్కిస్తాం, రెండింటి తేడాయే సరుకు. ఖాళీ బండి తూకం వేసేటప్పుడు కాటా మీద నలుగురు మనుషులు నిలబడితే ఖాళీ బరువు పెరుగుతుంది, రైతు సరుకు ఆ మేరకు తగ్గుతుంది. నలుగురంటే రెండున్నర క్వింటాళ్ల దగ్గర. ఆ ఏడు 'ఎ' గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయల లెక్కన ఐదు వేలు పైమాటే. ఇలాంటి మోసాలు జరగవని నేను అనను. మిల్లుల్లో తరుగు పేరుతో జరిగేవి చూసి చూసి రైతుకు ఏ మిల్లు మీదా నమ్మకం లేదు. కాటా మీద నేను కెమెరా పెట్టించిందే ఆ అనుమానం తీర్చడానికి.

ఖాళీ బండి చీటీ మీద టైము సాయంత్రం 5:40. అందరినీ ఆఫీసులో కూర్చోబెట్టి రికార్డర్‌లో 5:40 పెట్టించాను. తెర మీద మా కాటా. దాని మీద హమాలీలు ముగ్గురో నలుగురో నిలబడి ఉన్నారు. ట్రాక్టర్ ముందు చక్రాలు అప్పుడే ప్లాట్‌ఫారం ఎక్కుతున్నాయి.

ఆఫీసులో ఒక్కసారిగా గొడవ లేచింది. "ఏం సేటూ, మనుషుల్ని నిలబెట్టి ఖాళీ బండి తూకం జేస్తివా? నీ మిషనే చెప్తున్నది గదా!" అన్నాడు కొడుకు. నా నోట మాట రాలేదు. మా వాళ్లు అలా చేయరని నాకు తెలుసు, కానీ నా కెమెరాయే చేశారని చూపిస్తోంది. బయట ఉన్న ట్రాక్టర్లవాళ్లు కూడా లోపలికి తొంగి చూశారు. ఆ పది నిమిషాలు నేను పడ్డ అవమానం ఇంకెప్పుడూ పడలేదు.

పట్టుకున్నది మా గుమాస్తా. "అన్నా, నవంబర్ల ఐదూ నలభైకి ఇంత ఎండ యాడిది?" అన్నాడు. నిజమే. ఆ రోజుల్లో మా దగ్గర ఆ వేళకు పొద్దు గుంకుతుంది. తెర మీద మాత్రం ఎండ పెళపెళలాడుతోంది. అప్పుడు అందరం ట్రాక్టర్ రంగు చూశాం. అది వేరేవాళ్ల బండి. హమాలీలు టీ తాగుతూ కాటా మీద నిలబడ్డారు, బండి వస్తుంటే దిగి పక్కకు పోయారు. ముందుకు జరుపుకుంటూ పోతే పెద్దాయన ఖాళీ బండి రాత్రి 8:10 దగ్గర దొరికింది. కాటా మీద బండి తప్ప నరపురుగు లేదు.

5:40కి, 8:10కి తేడా సరిగ్గా రెండున్నర గంటలు. మనకూ బీజింగ్‌కూ ఉన్న తేడా అదే.

తర్వాత టెక్నీషియన్ చెప్పిన సంగతి ఇది. ఆ రికార్డర్ చైనాలో అమ్మడానికి తయారైనది. మధ్యలో ఎవరో దాని సాఫ్ట్‌వేర్‌ను కదిలించి ఇంగ్లిష్ మెనూ ఎక్కించారు. పైన కనిపించేది ఇంగ్లిష్, కింద మూల సెట్టింగులన్నీ చైనావే. మన టైమ్ జోన్ పెట్టి సేవ్ చేస్తే నిలబడుతుంది. కరెంటు పూర్తిగా పోయి మిషన్ ఆగి మళ్లీ లేస్తే ఒక్కోసారి బీజింగ్‌కు వెళ్లిపోతుంది, ఒక్కోసారి వెళ్లదు. ఆ ఒక్కోసారి అన్నదే ప్రాణం తీసేది. ఎప్పుడూ రెండున్నర గంటలు ముందుంటే లెక్క కట్టుకోవచ్చు. ఎప్పుడు మారుతుందో తెలియకపోతే ఏ రోజు రికార్డింగునూ నమ్మలేం.

పెద్దాయన శాంతించాడు గానీ కొడుకు వెళ్తూ ఒక మాట అన్నాడు: "టైము మీ చేతులనే ఉంటది గదా సేటూ, ఎట్ల తిప్పితే అట్ల తిరుగుతది." దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి వాళ్ల ఖాళీ బండిని వేరే కాటాకు పంపి తూకం వేయించుకోమన్నాను. మా చీటీలోని బరువే వచ్చింది, అప్పుడు ఒప్పుకున్నారు. ఇదే పోలీసు స్టేషన్ దాకా పోయి ఉంటే? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, వీడియోను సాక్ష్యంగా ఇవ్వాలంటే మిషన్ సరిగ్గా పనిచేస్తోందని బాధ్యుడు సంతకం పెట్టిన సర్టిఫికెట్ కావాలి. ఆ గడియారాన్ని చూసి నేను ఏ చేత్తో సంతకం పెట్టను?

బాగు చేయించడానికి తిరగని చోటు లేదు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే సీరియల్ నంబరు అడిగారు, ఇది ఇండియాకు పంపిన సరుకు కాదన్నారు, అమ్మినవాళ్లనే అడగమన్నారు. మర్యాదగానే చెప్పారు. కంపెనీ వెబ్‌సైట్‌లోని కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చా అంటే టెక్నీషియన్ వద్దన్నాడు. ఎక్కితే మెనూ అంతా చైనీస్ అవుతుంది, లేదంటే మిషన్ అసలు లేవదు. కోఠి దుకాణం వాళ్లు మొహం చాటేయలేదు, అది వాళ్ల మంచితనం. వేరే రికార్డర్ మార్చి ఇస్తామన్నారు. చూస్తే అదీ అదే రకం.

దాంతో కాటాకు, గేటుకు మాత్రం కొత్త కెమెరాలు, కొత్త రికార్డర్ నల్గొండలోని ఆథరైజ్డ్ డీలర్ దగ్గర తీసుకున్నాను. బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరూ ఉంది. డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకున్నాను. 2025 ఏప్రిల్ 9 నుంచి కేంద్రం సీసీటీవీలకు భద్రతా పరీక్షలు కూడా తప్పనిసరి చేసింది. కంపెనీ డిజిటల్ సంతకం లేని సాఫ్ట్‌వేర్ ఎక్కకూడదన్నది అందులో ఒకటి. మా పాత రికార్డర్‌కు జరిగింది సరిగ్గా అదే కాబట్టి ఆ నిబంధన నాకు కాగితం మీది మాటలా అనిపించలేదు.

కొత్త రికార్డర్ వచ్చాక మా దగ్గర కరెంటు చాలాసార్లు పోయింది. టైము ఒక్కసారి కూడా కదల్లేదు. నాకు కావలసింది అదే. రోజూ పొద్దున కాటా కంప్యూటర్ గడియారం, రికార్డర్ గడియారం పక్కపక్కన పెట్టి చూడటం గుమాస్తాకు పనిగా పెట్టాం.

అలాగని డీలర్ సరుకు అన్నిట్లో మేలని చెప్పలేను. రాత్రి బొమ్మ పాతవాటితో పోలిస్తే ఒక మెట్టు కిందే. హెడ్‌లైట్ల వెలుగులో నంబరు ప్లేటు తెల్లగా అయిపోతుంది, గేటు దగ్గర దీపం ఇంకోవైపు మార్చాల్సి వచ్చింది. వానాకాలంలో ఒక డోమ్ కెమెరాలోకి తేమ చేరితే సర్వీస్‌కు హైదరాబాద్ పంపారు, తిరిగి రావడానికి వారాలు పట్టింది. ఈలోపు దాని బదులు ఏమీ ఇవ్వలేదు. పిడుగు పడి, వోల్టేజ్ ఎక్కువై కాలిపోతే వారంటీ వర్తించదని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. మా వైపు మిషన్లు పోయేదే ఎక్కువగా అలా. రేటు సంగతి ముందే చెప్పాను.

కాబట్టి ఇది నా కాటాకు సంబంధించిన మాట. తూకం చీటీ మీది నిమిషానికీ వీడియోలోని నిమిషానికీ లంకె ఉన్న చోట గ్రే మార్కెట్ రికార్డర్ నేను ఇక పెట్టను. ఇంటి ముందు ఎవరు వచ్చారో ఫోన్‌లో చూసుకోవడానికి, పొలం మోటారు దగ్గర కాపలాకు అయితే నా మాట ఇంత గట్టిగా ఉండదు. దగ్గర్లో తెలిసిన టెక్నీషియన్ ఉంటే ఇంకా మెత్తబడుతుంది. మా బాయిలర్ దగ్గర, గోదాములో ఇప్పటికీ ఆ పాత కెమెరాలే, ఆ పాత రికార్డరే నడుస్తున్నాయి. దాన్ని మాత్రం వేరే చిన్న యూపీఎస్ మీద పెట్టించాను. యాసంగి వడ్లు అయిపోయాక చేతిలో డబ్బు ఆడితే మార్చాలని ఉంది. కెమెరాలు మాత్రం ఉంచుకుంటాను. కొత్త రికార్డర్ వాటిని పట్టుకుంటుందో లేదో డీలర్ వచ్చి చూస్తానన్నాడు.