గంట వినిపించేంత దూరం: దావావ్, విగన్, తాల్ ఊళ్ళ నడిబొడ్డున పదకొండు రోజులు

మా చెల్లెలి కూతురు ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో వైద్యవిద్య చదువుతోంది. పార్సిల్ పంపిన ప్రతిసారీ ఆ చిరునామా నన్ను ఆపేది. వీధి పేరు తరువాత ఒక అంకె, పక్కన ఒక అక్షరం, ఆ కింద ‘పొబ్లాస్యోన్ డిస్ట్రిక్ట్’ అని ఉండేది. అదేదో కాలనీ పేరనుకున్నాను. తీరా విగన్ వెళ్దామని బస చూస్తే అక్కడా పొబ్లాస్యోనే. తాల్‌లోనూ అదే. ఫోన్లో అడిగితే పిల్ల తేలిగ్గా చెప్పేసింది: “పెద్దమ్మా, అది ఇక్కడ ప్రతి ఊరికీ ఉంటుంది. మన ఊళ్ళో బొడ్రాయి ఉన్న చోటు అనుకో. కాకపోతే ఇక్కడ దానికి ఆఫీసు కూడా ఉంటుంది.”

ఆ మాట పట్టుకునే ఈ ప్రయాణం నడిపాము. ఏ ఊరు వెళ్ళినా పొబ్లాస్యోన్‌లోనే దిగాలని నేనూ మా చెల్లెలూ నిశ్చయించుకున్నాము. 2025 జూన్ నుంచి భారతీయులకు 14 రోజుల వరకు వీసా అవసరం లేదు. తిరుగు టికెట్టు, బస వివరాలు చేతిలో ఉండాలి. బయలుదేరే ముందు వాళ్ళ ఈ-ట్రావెల్ ఫారం నింపాలి. హైదరాబాద్ నుంచి సింగపూర్, అక్కడి నుంచి నేరుగా దావావ్. మనీలా వెళ్ళి వెనక్కి రానక్కరలేదు.

దావావ్ విస్తీర్ణం దాదాపు 2,444 చదరపు కిలోమీటర్లు. పేరుకు నగరమే అయినా అందులో కొండలూ అడవులూ కూడా ఉన్నాయి. దాన్ని 11 పాలనా జిల్లాలుగా, 182 బరంగాయ్‌లుగా విభజించారు. బరంగాయ్ అంటే అన్నిటికన్నా చిన్న పాలనా విభాగం, మన వార్డుకూ పంచాయతీకీ మధ్యస్థంగా ఉంటుంది. ఎన్నికైన కెప్టెన్, ఏడుగురు సభ్యులు, ఒక చిన్న కార్యాలయం ఉంటాయి. పాత ఊరైన పొబ్లాస్యోన్ జిల్లాలోనే 40 బరంగాయ్‌లున్నాయి. వాటికి పేర్ల బదులు అంకెలు. 1 నుంచి 10 దాకా ‘ఎ’, తరువాతి పదికి ‘బి’, ఆపై ‘సి’, చివరి పదికి ‘డి’. పార్సిల్ మీద నన్ను తికమకపెట్టిన అక్షరం ఇదే. తెలిశాక ఎంత సులువో! చిరునామా చూపగానే టాక్సీ డ్రైవరు ఎటు తిప్పాలో తెలిసినట్టు తలూపేవాడు.

శాన్ పెద్రో వీధి వెనుక ఒక చిన్న లాడ్జిలో నాలుగు రాత్రులు ఉన్నాము. రోజుకు 1,500 పెసోలు. పెసోకు రూపాయిన్నర చొప్పున లెక్క వేసుకోండి. గది శుభ్రంగానే ఉంది కానీ కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. రెండో రోజు వేడినీళ్ళు రాలేదు. చెప్పిన గంటలో మనిషి వచ్చి బాగు చేసి, పోయేటప్పుడు క్షమాపణ కూడా చెప్పాడు. గదిలోకి దురియన్ పండు తేకూడదని తలుపు వెనుక బోర్డుంది. ఆ వాసన వారం దాకా వదలదట, కనుక అమ్మే బండి దగ్గరే తినేసి రండి. పెద్ద మాల్ పక్కన ఇంకా మంచి గదులున్నాయి, నిజమే. కానీ అక్కడ కాలు బయట పెడితే బండి ఎక్కాల్సిందే. ఇక్కడ చర్చి, సిటీ హాలు, పార్కు, బంకెరోహాన్ మార్కెట్టు అన్నీ కాలినడకన తిరిగాము.

శాన్ పెద్రో చర్చి 1847లో వెలిసింది. ఇప్పుడున్న కట్టడం 1964 నాటిది. తిరగేసిన పడవలాంటి కాంక్రీటు కప్పు చూసి మా చెల్లెలు నిరాశపడింది, పాత గోడలు చూస్తామనుకుంది పాపం. లోపల ఒక పక్కన పాత బలిపీఠాన్ని మాత్రం భద్రంగా ఉంచారు. అయినా దావావ్‌లో నాకు నచ్చింది చర్చి కాదు, మార్కెట్టు. ఉదయం ఆరింటికి వెళితే మునగాకు కట్టలు, అరటి పువ్వులు, కాకరకాయలు, బెండకాయలు, పొడుగు వంకాయలు! మునగాకును అక్కడ మలుంగాయ్ అంటారు. ఒక పెద్దావిడ కట్ట విప్పి, రెమ్మను పైనుంచి కిందికి ఒక్క దువ్వు దువ్వి, ఆకంతా గుప్పిట్లోకి రాల్చి చూపింది. మా అమ్మ దూసే తీరు అచ్చం అదే. ఆ సాయంత్రం పిల్ల గదిలో మునగాకు పప్పు వండుకున్నాము. తెలుగు పిల్లలు నలుగురు వచ్చి కూర్చున్నారు.

జీప్నీ అనే చిన్న బస్సులో కనీస ఛార్జీ మేము వెళ్ళినప్పుడు 13 పెసోలు. చిల్లర ముందువాళ్ళ చేతికిస్తే చేయి మారుతూ డ్రైవరును చేరుతుంది, మిగతా డబ్బు అలాగే వెనక్కి వస్తుంది. దిగాలంటే “లుగార్ లాంగ్” అనాలి. ఆ రెండు మాటలు నేర్చుకుంటే దావావ్ సగం మీదే.

ఈ పొబ్లాస్యోన్ వెనుక చాలా పాత చరిత్ర ఉంది. స్పెయిన్‌వాళ్ళు వచ్చేనాటికి ద్వీపాల్లో జనం వాగుల వెంట, తీరం వెంట ఎక్కడికక్కడ చెదిరి ఉండేవారు. పన్ను కట్టించాలన్నా, మతం నేర్పాలన్నా వాళ్ళు ఒకచోట చేరాలి. అందుకని ఊళ్ళు కట్టి జనాన్ని అందులోకి తెచ్చారు. చర్చి గంట వినిపించే మేర ఇళ్ళు ఉండాలన్నది లెక్క. ఊరి నమూనాకు 1573లో రాజు రెండో ఫిలిప్ శాసనాలే ఉన్నాయి: నడుమ మైదానం, దాని చుట్టూ చర్చి, పాలనా భవనం, అంగళ్ళు, అక్కడి నుంచి గళ్ళ నుడికట్టులా తిన్నగా వీధులు. పెద్దల ఇళ్ళు మైదానానికి దగ్గర, బీదల గుడిసెలు దూరం. గంట వినిపించని పల్లెలు బారియోలు. 1974లో బారియో పేరు తీసి పాత బరంగాయ్ పేరు మళ్ళీ పెట్టారు. పొబ్లాస్యోన్ మాత్రం స్పానిష్ పేరుతోనే ప్రభుత్వ పత్రాల్లో నిలిచిపోయింది. ఇది బలవంతంగా కట్టిన ఊరని మరచిపోయి పొగడడం నాకు ఇష్టం లేదు. కానీ వచ్చి చేరినవాళ్ళు నాలుగు వందల ఏళ్ళలో దాన్ని తమ ఊరు చేసుకున్నారు. నేను చూడాలనుకున్నదీ దాన్నే.

మనీలా వైపు మకాతి పొబ్లాస్యోన్‌లో ఒక్క రాత్రి ఉన్నాము. 1620లో మొదలైన చర్చి ఉంది, రెండు వీధుల అవతల తెల్లవారుజాము దాకా బార్ల మోత ఉంది. కుర్రవాళ్ళకు చవక హాస్టళ్ళు బోలెడు. మా వయసువాళ్ళకు నిద్ర పట్టే చోటు కాదు.

విగన్‌కు మనీలా నుంచి సుమారు 400 కిలోమీటర్లు. రాత్రి బస్సు ఎక్కాము. గంట ఆలస్యంగా కదిలింది, ఆలస్యమని కౌంటరులో ఎవరూ చెప్పలేదు. లోపల చలి భరించరానంత. రగ్గు లేకుండా ఆ బస్సులు ఎక్కకండి. తెల్లవారి దిగి సాల్సెదో మైదానం దాకా నడిచేసరికి ఆ కష్టం పోయింది.

1572లో స్పానిష్ సేనాని హువాన్ దె సాల్సెదో స్థాపించిన ఊరిది. యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మైదానానికి ఒక వైపు పెద్ద చర్చి, ఎదురుగా రాష్ట్ర పాలనా భవనం, పక్కనే ఆర్చిబిషప్ నివాసం. శాసనంలో ఉన్నట్టే ఉన్నాయి. భూకంపాల భయంతో గంటగోపురాన్ని చర్చికి తగలకుండా విడిగా కట్టారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 జూలైలో వచ్చిన భూకంపంలో పక్క ఊరు బాంతాయ్ గోపురం ఇటుకలు రాలాయి, విగన్‌లోనూ పాత ఇళ్ళు దెబ్బతిన్నాయి.

క్రిసోలోగో వీధికి దగ్గరలో పాత ఇంటిని బసగా మార్చిన చోట దిగాము. గది 3,500 పెసోలు. కింద ఒకప్పుడు గుర్రబ్బండి నిలిపే రాతి చావడి, పైన మనుషులుండే చెక్క అంతస్తు. కిటికీలకు గాజు లేదు. కాపిస్ అనే ఆల్చిప్ప రేకులను చదరపు గళ్ళలో బిగించి, తలుపును పక్కకు జరిపేలా చేశారు. ఉదయం ఏడింటికి ఆ రేకుల గుండా వచ్చిన వెలుగు మజ్జిగ మీది తేటలా ఉంది. కిటికీ కింద మోకాలి ఎత్తులో ఇంకో చిన్న కిటికీ, గాలి కోసం. పై కిటికీ మూసినా అది తెరుచుకోవచ్చు. ఎవరు నడిచినా నేలచెక్క కిర్రుమంటుంది, పక్క గదివాళ్ళ మాటలూ వినిపిస్తాయి. నిద్ర పలచనైనవాళ్ళు ఆలోచించుకోవాలి. డబ్బుకు తగ్గ బసేనా అంటే, ఒక రాత్రికి అవును. రెండో రాత్రి నాలుగు వీధుల అవతల 1,400 పెసోల గదికి మారి హాయిగా పడుకున్నాము.

క్రిసోలోగో వీధిలోకి మోటారు బండ్లు రావు. రాళ్ళు పరిచిన బాట, కలేసా గుర్రబ్బండ్లు, పాత ఇళ్ళు. నిజంగా అందమైన వీధి. కానీ కింది అంతస్తులన్నీ జ్ఞాపికల దుకాణాలే. మధ్యాహ్నం జనం మధ్య నాకు అది ఊరిలా అనిపించలేదు. ఉదయం ఆరున్నరకు, దుకాణాలు తెరవకముందు వెళ్ళండి. ఒక ముసలాయన గుమ్మం ముందు నీళ్ళు చల్లి ఊడ్చుకుంటూ కనిపించాడు, అప్పుడు నమ్మాను. ఇళ్ళ యజమానులతో కలిసి పాత కట్టడాలను నిలుపుకున్నందుకు 2012లో యునెస్కో ఈ నగరాన్ని ఆదర్శంగా ఎంపిక చేసింది. ఆ మెప్పు వాళ్ళకు తగినదే.

తిండి విషయానికొస్తే, బుర్గోస్ మైదానం అంచున నారింజ రంగు ఎంపనాడాలు వేయిస్తారు. బియ్యప్పిండి రేకులో పచ్చి బొప్పాయి తురుము, గుడ్డు, మాంసం పెట్టి మడుస్తారు. మాంసం వద్దంటే మానేసి ఇస్తారు, నూనె మాత్రం అందరిదీ ఒకటే. పినక్బెత్ చూసి మన కలగూర అనుకుని శాకాహారులు మోసపోకండి, అందులో చేపల ఊట ఉంటుంది. వంకాయ కాల్చి టమాటా, గుడ్డుతో చేసే పొకి-పొకి అడగండి.

రెండో రోజు మా చెల్లెలు రక్తపోటు మాత్రల సంచీ ట్రైసికిల్‌లో, అంటే మోటారుసైకిలుకు పక్కబండి తగిలించిన ఆటోలో, మరచిపోయింది. గది చేరిన అరగంటకు గుర్తొచ్చింది. లాడ్జి అమ్మాయి పోలీసు స్టేషను మాట ఎత్తలేదు. “మానాంగ్, బరంగాయ్ హాలుకు వెళ్ళండి” అంది. మానాంగ్ అంటే ఆ ప్రాంతపు భాషలో అక్క. మూలమలుపులోనే ఉందది. బాస్కెట్‌బాల్ ఆడుకునే చోటు, దాన్ని ఆనుకుని ఒక గది, గదిలో ఒక బల్ల. బల్ల ముందున్నామె పొడవాటి రిజిస్టరు తెరిచి తేదీ, సమయం, మా పేర్లు రాసుకుంది. బండి మీది నంబరు అడిగింది. మాకు తెలియదు. మా చెల్లెలు గుర్తు తెచ్చుకుని, బండి ముందు మేరీమాత బొమ్మ, పక్కన పచ్చ రంగు అని చెప్పింది. అక్కడే ఉన్న కాపలా మనిషి, టానోద్ అంటారు, బండ్లవాళ్ళ సంఘానికి ఫోను చేశాడు. మాకు కుర్చీలు వేసి నీళ్ళిచ్చారు. నలభై నిమిషాలకు బండి వచ్చింది, సీటు కింద సంచీ అలాగే ఉంది. డ్రైవరు డబ్బు తీసుకోనన్నాడు, పెట్రోలు ఖర్చుకని బలవంతంగా ఇచ్చాము. బల్ల ముందున్నామె అదే రిజిస్టరులో ‘దొరికింది’ అని రాసి, మా చెల్లెలి చేత సంతకం పెట్టించింది. ప్రయాణం మొత్తంలో నాకు అందిన అత్యుత్తమ సేవ ఇదే. ఆఫీసు అరకిలోమీటరు దూరంలో ఉండి ఉంటే మేము వెళ్ళేవాళ్ళమే కాదు.

చివరి రెండు రోజులు తాల్‌లో. మనీలా నుంచి లెమెరీ బస్సులో సుమారు మూడు గంటలు. ఈ ఊరు మొదట సరస్సు ఒడ్డున ఉండేది. 1754లో అగ్నిపర్వతం పేలి బూడిదలో మునిగితే జనం ఈ కొండకు తరలివచ్చారు. వచ్చినచోట మళ్ళీ అదే నమూనా వేసుకున్నారు. పాతికేళ్ళు కాదు, రెండున్నర శతాబ్దాలు దాటినా అది అలాగే ఉంది. మైదానం పైన శాన్ మార్తిన్ బసిలికా, దాదాపు 88 మీటర్ల పొడవు. ఆసియాలోకెల్లా పెద్ద చర్చి అని అక్కడివాళ్ళు గర్వంగా చెబుతారు. 1898లో హాంకాంగ్‌లో ఫిలిప్పీన్స్ తొలి జెండా కుట్టిన మార్సెలా అగొన్సిల్యో ఇల్లు కొద్ది నడకలోనే ఉంది.

మూడింటిలో మళ్ళీ ఎక్కడికి వెళతారంటే తాల్ అనే చెబుతాను. విగన్ అంత తీర్చిదిద్దినట్టుండదు. ఒక పాత ఇంటి పక్కన రేకుల షెడ్డు, దాని పక్కన ఫార్మసీ. కానీ మార్కెట్టులో ఊరివాళ్ళే కొంటున్నారు, మునిసిపల్ భవనం మెట్ల మీద కాగితాలు పట్టుకుని ఊరివాళ్ళే నిలుచున్నారు. బసలు తక్కువ, శని ఆదివారాలకు ముందే చెప్పుకోవాలి. మా గది 2,500 పెసోలు, ఉదయం ఫలహారంతో. చిక్కటి బరాకో కాఫీ ఎంత అడిగితే అంత పోశారు. బజారులో పనుత్సా అని గుండ్రటి బిళ్ళలు అమ్ముతారు, బెల్లంపాకంలో పల్లీలు. మన పల్లీ పట్టీయే! అరడజను కట్టించుకున్నాము.

ఆఖరి సాయంత్రం ఆరింటికి గంట మొదలైనప్పుడు మేము కయ్‌సాసాయ్ చర్చికి దిగే 125 రాతి మెట్ల మొదట్లో ఉన్నాము. ఎంతవరకు వినిపిస్తుందో చూద్దామని మా చెల్లెలు మెట్లు లెక్కపెడుతూ దిగింది. నేను మోకాళ్ళ నొప్పితో వెనక. కింద చివరి మెట్టు దగ్గర నిలబడి పైకి చెయ్యి ఊపింది. వినిపిస్తోందట. తిరిగి ఎక్కడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది.